ఆచార్యులవారి పెంపుడు క్రిమి

ఒక పెద్ద అడవిలో జబ్బులకు కరువు లేదు, జబ్బుల మీద పరిశోధనలకు అంతకన్నా లేదు. ఆ అడవి నడిబొడ్డున ఒక గుట్ట మీద పరిశోధనా సంస్థ ఉండేది. దాని డైరెక్టరు ఆచార్య భల్లూకం గారు. ఎలుగుబంటి అంటే ఆయనకు కోపం. ఆయన కింద ఒక ముంగిస పనిచేసేది. ఆచార్యులవారు తుమ్మితే చిరంజీవ అనడం దాని ఉద్యోగం.

ఆ అడవిలో గిట్టకుళ్ళు అని ఒక రోగం ఉండేది. గిట్టల సందున పుండు పడి, లోపలికంటా తినేసి, జంతువు నడవలేక కూలబడేది. అడవిలో కూలబడితే ఏమవుతుందో తోడేళ్ళనడిగితే చెబుతాయి.

భల్లూకం గారు వయసులో ఉండగా నిజంగానే కష్టపడి దానికి మందు కనిపెట్టారు. ఆ పుణ్యం ఆయనకు ఇవ్వాల్సిందే. క్రిమి తన చుట్టూ ఒక గోడ కట్టుకుని బతుకుతుంది. ఒక చెట్టు బెరడులోంచి తీసిన రసం ఆ గోడను అతక్కుండా చేస్తుంది. గోడ కూలి క్రిమి చస్తుంది.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. అదే కొంప ముంచింది. కోతులు కొమ్మకో కొట్టు పెట్టి తలనొప్పికీ, జలుబుకీ, పెళ్ళాం అలిగినందుకూ అదే మందు అమ్మాయి. ఇప్పపూలు మెక్కి తల తిరిగిన నక్కలు పొద్దున్నే ఓ చుక్క వేసుకునేవి. నిజంగా గిట్టకుళ్ళు వచ్చినవాళ్ళేమో నొప్పి తగ్గగానే మిగతాది పొదల్లో పారేసేవాళ్ళు. మందు ఇలా ఎక్కడపడితే అక్కడ కొంచెం కొంచెంగా తగులుతుంటే క్రిములు మాత్రం ఎన్నాళ్ళని చస్తాయి? చచ్చినవి చచ్చాయి. చావకుండా మిగిలిన వాటిలో కొన్నింటికి, ఆ మందునే తుంచి పారేసే రసం ఒకటి ఊరింది. వాటి పిల్లలకు ఆ విద్య పుట్టుకతోనే వచ్చింది.

ఈ సంగతి అడవిలో అందరికన్నా ముందు నూకాలమ్మ అనే దుప్పికి తెలిసొచ్చింది. లేక లేక పుట్టిన ఆడపిల్ల ఆమెకు, పేరు గౌరు. దాని ముందుకాలి గిట్టలో పుండు పడింది. నూకాలమ్మ వాడమన్నట్టే మందు వేసింది, ఒక్క పూట మానలేదు. పుండు మానకపోగా ఇంకా లోపలికి దిగింది. ఎండలు ముదురుతున్నాయి, మంద ఏరు దాటి పచ్చిక ఉన్న వైపు వెళ్ళిపోవాలి. నడవలేని పిల్ల కోసం మంద ఆగదు. నూకాలమ్మ బిడ్డను మెల్లగా నడిపించుకుంటూ గుట్టెక్కింది.

ఆచార్యులవారు ఆమె గోడు సగం విని ముంగిసకు సైగ చేశారు. ముంగిస లోపలినుంచి ఒక గాజు పళ్ళెం తెచ్చింది. అందులో ఉన్నవి గిట్టకుళ్ళు క్రిములే. ఆయన వయసులో ఉండగా పట్టుకొచ్చిన క్రిమి సంతానం. ఆనాటినుంచీ బెల్లం నీళ్ళూ మీగడా పెట్టి పెంచుతున్నారు. ఎండ ఎరగవు, వాన ఎరగవు. ఏటేటా మందు పరీక్ష జరిగేది వీటి మీదే. మందు చుక్క పడగానే మర్యాదగా చచ్చిపోయేవి, మందుకు నూటికి నూరు మార్కులు పడేవి. ఆ రోజూ అలాగే చచ్చాయి.

"చూశావు కదమ్మా, మందు దివ్యంగా పనిచేస్తోంది," అన్నారు ఆచార్యులవారు.

"పళ్ళెంలో పనిచేస్తోంది బాబూ, నా బిడ్డ కాలిలో పనిచెయ్యట్లేదు. దాని పుండులో క్రిమిని తీసి, దాని మీద పోసి చూడండి," అంది నూకాలమ్మ.

ముంగిస ఉలిక్కిపడింది. బయటి క్రిములకు సంస్థలో ప్రవేశం లేదనీ, గుమ్మం మీద బోర్డు చూడలేదా అనీ గద్దించింది. ఏ బురదలోనో తిరిగిన క్రిములు లోపలికొస్తే మా క్రిములు చెడిపోవూ అని అడిగింది.

ఆచార్యులవారు ఇంకా లోతుగా ఆలోచించారు. గిట్టకుళ్ళయితే ఈ మందుకు తగ్గి తీరాలి. తగ్గలేదు. కాబట్టి ఇది గిట్టకుళ్ళు కాదు.

"మరేమిటి బాబూ?"

"గిట్టకుళ్ళు కానిది," అన్నారాయన తృప్తిగా.

ఆ తర్కం ఆయనకే ముద్దొచ్చింది. మందుకు తగ్గినవాళ్ళకు రోగం పోయింది, తగ్గనివాళ్ళకు ఆ రోగమే లేదు. అంటే అడవిలో గిట్టకుళ్ళు లేనట్టే. ముంగిస ఔనంటే ఔనంది. సింహరాజు గారిని పిలిచి, గిట్టకుళ్ళు లేని అడవి అని ప్రకటించే సభ పెట్టాలని అప్పటికప్పుడు నిశ్చయమైపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది వీళ్ళ వరస.

నూకాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె స్థానంలో నేనుంటే ఆ గుట్ట దద్దరిల్లేలా తిట్టేవాణ్ణి. ఆమె తిట్టలేదు. కాసేపు బిడ్డ కాలు నాకుతూ నిలబడి, తర్వాత ఎంతో వినయంగా అడిగింది.

"నా బిడ్డకు ఆ రోగం లేదని పెద్దలు మీరే అన్నారు. అయితే సభనాడు దాన్ని రాజుగారి ముందు నడిపించండి బాబూ. రోగం పోయిన అడవి ఎలా ఉంటుందో అందరూ కళ్ళారా చూస్తారు."

ఆచార్యులవారికి ఆ మాట తెగ నచ్చింది. పిల్ల కుంటుతోంది కదా అని ముంగిస నసిగితే, రాజుగారి మీద భక్తితో వంగి నడుస్తోందని చెబుదామన్నారు.

సభనాడు ఏనుగులు దుమ్ము లేవకుండా దారంతా నీళ్ళు చల్లి బురద చేశాయి. ఆ బురదలో గౌరు ముందు నడిచింది, దాని అడుగుల వెనకే రాజుగారు నడిచారు. ముందురోజు వేటలో ముల్లు దిగిన కాలు ఆయనది. తర్వాత ఆచార్యులవారి ఉపన్యాసం అయ్యేదాకా రాజుగారు ఆ బురదలోనే నిలబడ్డారు. ఈ రోగం గిట్టలున్నవాళ్ళకే వస్తుందని ఉపన్యాసంలో చెప్పారు కూడా. పళ్ళెంలో క్రిములు వేళకు చచ్చాయి. చప్పట్లు మోగాయి.

వారం తిరక్కుండా రాజుగారి పంజా వాచి పుండు పడింది. ఆచార్యులవారు పరుగున వెళ్ళి మందు వేశారు, రెట్టింపు వేశారు. వాపు గోరంత కూడా తగ్గలేదు. ఇదేం రోగమని రాజుగారు అడిగారు. గిట్టకుళ్ళంటే, అది లేదని మొన్ననే రాజుగారి నోటితో చెప్పించారు. కాదంటే ఇంకే మందూ లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

"గిట్టకుళ్ళు కానిది ప్రభూ," అన్నారు ఆచార్యులవారు నీళ్ళు నములుతూ.

రాజుగారు ఆయన వంక మధ్యాహ్న భోజనాన్ని చూసినట్టు చూసి, తన పుండులో క్రిమిని తీసి పరీక్ష చెయ్యమన్నారు. బయటి క్రిములకు ప్రవేశం లేదని ముంగిస అలవాటు కొద్దీ అనబోయి నాలిక్కరుచుకుంది. రాజుగారి క్రిమి బయటిదెలా అవుతుంది? బోర్డు తిప్పేసి, క్రిమిని మేళతాళాలతో లోపలికి తీసుకెళ్ళారు.

రెండు పళ్ళేలు పక్కపక్కన పెట్టి మందు పోశారు. పెంపుడు క్రిమి ఎప్పటిలాగే ప్రాణం విడిచింది. రాజుగారి క్రిమి సాయంత్రానికి పళ్ళెమంతా నిండింది. ఆచార్యులవారు ఆ పళ్ళేన్ని దగ్గరికి లాక్కున్నారు. భయంతోనే కాదు, ఇన్నేళ్ళకు ఆయన నిజమైన క్రిమిని చూశారు. లోపలెక్కడో నిద్రపోతున్న పాత పరిశోధకుడు లేచాడు. తిండీ తిప్పలూ మాని, మందును తుంచేస్తున్న ఆ రసాన్ని పట్టుకున్నారు. దాన్ని కట్టిపడేసే ఇంకో బెరడు వెతికి పాత మందులో కలిపారు. ఈసారి రెండో పళ్ళెంలోనూ క్రిమి చచ్చింది.

మందు ముందు రాజుగారికి వెళ్ళింది. ఆయన కోలుకున్నాక మిగిలిన అడుగుబొట్టు గౌరుకు వచ్చింది. పుండు మానింది. కానీ అప్పటికే సగం గిట్ట పోయింది, ఆ కుంటు ఇక పోదు. మంద ఎప్పుడో ఏరు దాటేసింది. తల్లీబిడ్డలిద్దరే ఆ జాడ పట్టుకుని బయల్దేరారు.

గుట్ట దిగువన ఆచార్యులవారు ఎదురొచ్చారు. పిల్ల కాలు చూసి దారిలోనే ఆగారు.

"నూకాలమ్మా, ఆ రోజు నువ్వు తెలిసే అడిగావా?"

"గడ్డి తినేదాన్ని, నాకేం తెలుసు బాబూ. మీ గుమ్మం నా బిడ్డ క్రిమిని రానివ్వలేదు. రాజుగారిదైతే రానిస్తుందేమో అనుకున్నాను."

అలా అని ఆమె బిడ్డ అడుగులకు సరిపోయేంత మెల్లగా ఏటి వైపు నడిచింది. పైన గుట్ట మీద ముంగిస కొత్త పళ్ళెంలో రాజుగారి క్రిమికి బెల్లం నీళ్ళూ మీగడా పెడుతోంది. గుమ్మం మీద బోర్డు మళ్ళీ ఇటు తిరిగింది.

నీతి: నీ రోగానికి మందు కావాలంటే, ముందు దాన్ని రాజుగారికి అంటించు.