పాతబడని రంగు

ఆ శనివారం పొద్దున ఒరల్‌బాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపుకు వెళ్లి ఫ్రిజ్ కొనడం, మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరడం, టీ తాగి సోఫాలో నడుం వాల్చడం. తరాజ్ పట్టణ నీటిసరఫరా ఆఫీసులో ఏడాదికోసారి దొరికే వారం సెలవు అది. ఆ వారమంతా పడుకోవడం తప్ప ఆయనకు ఇంకో కోరిక లేదు. భార్య తోర్గిన్ దిగులు వేరు. కూతురు ఐజాదా అత్తమామలు మరుసటి శనివారం మొదటిసారిగా ఇంటికి వస్తున్నారు. వియ్యపురాలు బగీలా వంటింటిని చూసి మనిషిని అంచనా వేసే రకమని ఐజాదాయే చెప్పింది.

షాపులో స్టీలువి, నల్లవి, తెల్లవి, మీగడ రంగువి వరసగా నిలబెట్టి ఉన్నాయి. తోర్గిన్ ఎంత చల్లబరుస్తుందనిగానీ, ఎంత కరెంటు కాలుతుందనిగానీ అడగలేదు. ఈ రంగు ఎన్నాళ్లు ఫ్యాషన్‌లో ఉంటుందని అడిగింది. సేల్స్‌మన్ దేని ముందు నిలబడితే అదే శాశ్వతమన్నాడు. ఆవిడ అడగడంలో తప్పులేదు. ఒకప్పుడు ఊరంతా వంటింటి గోడలకు కాఫీరంగు పలకలు వేయించుకుంటుంటే తనూ వేయించుకుంది. సిమెంటు ఆరేలోగా ఊరంతా వాటిని పీకించేసింది. అప్పటినుంచి పాపం ఆ పలకల మొహం చూస్తూనే వండుతోంది.

సాయంత్రం దాకా చూసి చూసి స్టీలుది కొన్నారు. వీళ్లది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇద్దరు కూలీలు మోసినా మెట్లు తిరిగే చోటల్లా ఒరల్‌బాయ్ భుజం పట్టక తప్పలేదు. కొత్త వస్తువు వచ్చిందని తెలిసి కింది వాటా ఆవిడ ఆనవాయితీ ప్రకారం మిఠాయి పట్టుకుని చూడవచ్చింది. బాగుందంటూ తలుపు మీద చెయ్యేసింది. అయిదు వేళ్లూ అక్కడే ఉండిపోయాయి. ఆవిడ వెళ్లాక తోర్గిన్ ఆ తలుపును తుడుస్తూనే ఉంది. ఒకచోట పోగొడితే తను చెయ్యి ఆనించిన చోట ఇంకో మరక తేలింది.

సోమవారం అది దిగి, వేలిముద్ర పడని మ్యాట్ నలుపుది ఎక్కింది. ఒరల్‌బాయ్ తల్లి ఉల్తుగన్ తన గదిలోంచి వచ్చి, దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు పోయార్రా?" అని అడిగింది కొడుకుని.

పాలగిన్నె పట్టుకుని కూర్చుందేగానీ ఆ నల్లదాంట్లో పెట్టనివ్వలేదు. ఫ్యాషన్ సంగతి కోడలు నచ్చజెప్పబోతే, "తెలుపు ఎప్పుడు పాతబడిందే? ఆవు పుట్టినప్పటినుంచీ పాలు తెల్లగానే ఉన్నాయి" అంది.

బుధవారం తెల్లది ఎక్కింది. తోర్గిన్ అక్క రాజధాని అస్తానాలో ఉంటుంది. వీడియో కాల్‌లో చూసి, చాలా శుభ్రంగా ఉందని, ఆసుపత్రిలో మందుల బీరువా అచ్చం ఇలాగే ఉంటుందని మెచ్చుకుంది. గురువారం మీగడ రంగుది వచ్చింది. దాంతోపాటు షాపు యజమాని కూడా స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. ఇంకోసారి మార్చడం కుదరదని మర్యాదగా చెప్పి, టీ కూడా తాగకుండా దిగిపోయాడు. ఒరల్‌బాయ్‌కి నడుం పట్టేసింది. సెలవు అయిపోవస్తోంది. సోఫా మీద ఒక్క మధ్యాహ్నమైనా పడుకున్న పాపాన పోలేదు.

ఆ సాయంత్రం తోర్గిన్ ఫ్రిజ్ ముందు స్టూలేసుకుని కూర్చుంది. ఇది వచ్చే ఏడాదికి పాతబడుతుందేమోనంది. స్టీలుదే ఉంచాల్సిందేమోనంది. మార్చడం కుదరకపోతే దీన్ని అమ్మేసి ఇంకోటి కొనొచ్చు కదా అని కూడా అంది. ఆ చివరి మాట వినగానే ఒరల్‌బాయ్ ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వియ్యంకుడు నర్తాయ్‌కి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఒక చిన్న మనవి. శనివారం వచ్చినప్పుడు వదినగారు మా ఫ్రిజ్‌ని నోరారా ఒక్కసారి మెచ్చుకోవాలి."

"ఫ్రిజ్‌నా?" అన్నాడు నర్తాయ్.

"ఔను. రంగు చాలా బాగుందనాలి. ఆవిడ ఆ మాటంటే మా ఆవిడ మనసు కుదుటపడుతుంది."

"మీదెంత పెద్ద మనసు బావగారూ," అన్నాడు నర్తాయ్ గొంతు తగ్గించి. "అలాగే. మీ మాట తీసెయ్యం."

ఇందులో పెద్ద మనసేముందో ఒరల్‌బాయ్‌కి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

శనివారం లేచేసరికి తల్లి తన పెళ్లినాటి తివాచీని చుట్టచుట్టి మంచం కిందికి తోస్తోంది. రాగి టీ పాత్రను అప్పటికే బీరువాలో దాచేసింది. చుట్టాలొచ్చే రోజున తివాచీ పరవాలిగానీ ఎత్తెయ్యడమేమిటని అడిగాడు.

"బావుందన్నారంటే ఇచ్చెయ్యొద్దూ? వియ్యాలవారికి లేదంటామా?" అంది ముసలావిడ, తివాచీని కాలితో ఇంకాస్త లోపలికి నెడుతూ.

ఒరల్‌బాయ్ మంచం మీద కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన సంగతే. వియ్యాలవారు ఇంట్లో ఏ వస్తువును మెచ్చుకుంటే ఆ వస్తువు వాళ్లతో వెళ్లవలసిందే. పెట్టాలనుకున్నది ఫలానా అని ముందుగా కబురంపేవాళ్లూ ఉన్నారు. తను పంపింది అచ్చంగా అలాంటి కబురే. నాలుగుసార్లు మెట్లెక్కీ దిగీ బుర్ర కూడా అరిగిపోయినట్టుంది.

నర్తాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దారిలో ఉన్నారన్నమాట. పెద్ద దుప్పటి తెచ్చి ఫ్రిజ్ మీద కప్పాడు. తోర్గిన్ వచ్చి, మతి పోయిందా అని దాన్ని లాగేసింది. కప్పాడు, మళ్లీ లాగేసింది. ఈలోగా గుమ్మంలో బగీలా నవ్వుతూ నిలబడి ఉంది. ఒరల్‌బాయ్ ఆవిడను పెద్దగదిలోకి పిలిచాడు, కిటికీ చూపించాడు, కొండలు చూపించాడు, వేడివేడి బౌర్సాక్‌లు చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ నూనెబూరెలు నములుతూనే తిన్నగా వంటింట్లోకి నడిచింది.

బగీలా ఫ్రిజ్ ముందు ఆగింది. పైనుంచి కిందిదాకా చూసింది. తలుపు మీద చెయ్యేసి తీసింది. మరక పడలేదు. తోర్గిన్ ఆవిడ నోటివైపే చూస్తోంది.

"వదినా, ఎంత బాగుందీ రంగు. ఇది ఎప్పటికీ పాతబడదు."

తోర్గిన్ మొహం విచ్చుకుంది. కాఫీ పలకలు వేయించిన నాటినుంచీ ఆవిడ మొహంలో అంత నిమ్మళం ఒరల్‌బాయ్ చూడలేదు. ఒక్క క్షణం ఆయన కూడా సంతోషించాడు. తర్వాత తల్లివైపు చూశాడు. ముసలావిడ టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. తోర్గిన్‌కి మెల్లగా అర్థమైంది. కళ్లు తడయ్యాయి. అయినా పెంపకం గల మనిషి కనుక నవ్వింది.

"మీ కంటికి నచ్చింది వదినా, ఇక అది మీదే."

బగీలా వద్దు వద్దంది, ఆనవాయితీగా అనవలసినన్ని సార్లు. నర్తాయ్ ఒరల్‌బాయ్‌ని పక్కకు లాగాడు. "మీరు చెప్పారు కదాని వ్యానూ మాట్లాడుకొచ్చాను. నిజం చెప్పొద్దూ, మా వంటింట్లో నిరుడు కొన్నదే ఉంది. అయినా మీరంత ఇదిగా అడిగాక కాదంటే బాగుండదు కదా."

మనుషులు దొరకలేదు. వియ్యంకులిద్దరే డ్రైవరు సాయంతో దాన్ని దించారు. ఏ మలుపులో ఎటు వాల్చాలో ఒరల్‌బాయ్‌కి ఇప్పుడు కళ్లు మూసుకున్నా తెలుసు.

వాళ్లు వెళ్లాక తోర్గిన్ ఖాళీ జాగా ముందు చాలాసేపు నిలబడింది. "అదేనండీ సరైన రంగు. చేతిలో ఉన్నప్పుడు తెలుసుకోలేకపోయాను" అంది, పైట చెంగు లేదు కనుక చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ.

ఒరల్‌బాయ్‌కి ప్రాణం లేచి వచ్చింది. డబ్బు పోతే పోయింది, ఈ రంగులు చూసుకునే పని తీరిపోయింది. పొద్దున్నే వెళ్లి అచ్చం అదే తెచ్చేస్తానన్నాడు.

తోర్గిన్ మొగుడివైపు జాలిగా చూసింది.

"అదే ఎలా తెస్తామండీ? వియ్యపురాలింట్లో ఉన్నదే మనింట్లోనూ ఉంటే, వాళ్లని చూసి కొన్నామనుకోరూ?"

మర్నాడు ఆదివారం. ఆదివారాలు ఆ షాపు గంట ముందే తెరుస్తారు.