గోగునార ముప్పయ్యో పోగు

ఆ శనివారం యుగంధర్ వేసుకున్న పథకం సులువైనదే. పదింటికి ఆఖరి గోగునార పోగు కొలవడం, పన్నెండుకు బస్సెక్కడం, సాయంత్రానికి బొబ్బిలిలో అనిత చేతి టీ తాగడం. పెళ్లయి ఆరు నెలలు. మేనమామ కూతురు అనిత అక్కడ బడిలో టీచరు. ఇతను ఎచ్చెర్లలో నార పరిశోధకుడు. నారను పట్టుకుని నారిని వదిలేశాడని చుట్టాల ఎగతాళి. వస్తానంటూనే మూడు వారాలుగా వెళ్లలేదు. "ఈ వారమూ రాకపోతే ఆ పోగుకే తాళి కట్టీ బావా" అని అనిత నిన్న ఫోన్ పెట్టేసింది.

పోగుకు చిన్న బరువు వేలాడదీసి లేజరు వెలుగు పడేస్తే, ఆ వెలుగు చెదిరి గోడమీద ఎర్రచుక్కలవుతుంది. చుక్కలు జరిగినదాన్ని బట్టి నార ఎంత సాగిందో చెప్పొచ్చు. అతనికవి అనిత చీరమీది చుక్కల్లా కనిపించేవి. నార సాగుడు కొలిచేవాడికి ఎడబాటు సాగుడు కొలిచే సాధనం దొరకలేదు.

టీ తాగి వచ్చేసరికి పోగు లేదు. గది ఊడ్చే అసిరమ్మ కిటికీ దగ్గర గర్వంగా నిలబడి ఉంది. గోగుచేలలో పెరిగిన మనిషి. విడినార కంటపడితే పేనేదాకా చేతులు ఊరుకోవు.

"కిటికీ కొట్టుకుంతంది బాబూ. తాడు పేనీసి కట్టీసినాను. సూడు, ఎంత గట్టిగున్నాదో!"

"ముప్పై పోగులూ పేనేశావా? ఒకటింకా కొలవలేదే!"

"నారకేటి కరువు? సీపురుపల్లిలో మా తవిటమ్మొదినకి ఫోను కొడతానుండు."

కొట్టింది. "బాబు నార కోసం ఏడుస్తన్నాడే!" అంది. ఏడ్చేవాడికి ఒక్క పోగేం సరిపోతుందని తవిటమ్మ ఆటో నిండా మోపులు వేయించింది.

ఆ నార కోసం ఒంటిగంట దాకా యుగంధర్ చుక్కల్లేని గోడను చూస్తూ కూర్చున్నాడు. ఇక కొలతా వద్దు, గిలతా వద్దని బస్సెక్కాడు. చీపురుపల్లి ఇవతల గోగుమోపుల ఆటో ఒకటి ఎదురొచ్చింది. నార మొహం చూడనని కళ్లు మూసుకున్నాడు.

బొబ్బిలిలో ఇంటికి తాళం. ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే?"

"నీ లేజరు గదిలో. నువ్వెలాగూ రావని నేనే వచ్చీసాను. సీపురుపల్లిలో బస్సు లేకపోతే నార ఆటో ఎక్కీసాను, మోపుల ఎనకాల కూకొని. నువ్వెక్కడ బావా?"

"మనింటి గుమ్మంలో."



"కొలత మానీసి వచ్చీసావా?" అంది అనిత.

"నిన్ను చూడాలనిపించింది."

"అక్కడే ఉండు బావా, వచ్చీస్తన్నాను."

"వద్దు, నువ్వక్కడే ఉండు. నేనే వస్తున్నాను."

ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఇంకా పడని దంపతులు కనుక, ఇద్దరూ బస్సెక్కారు.