మెట్లు దిగిన పిండి

ఆ ఆదివారం పొద్దున అరుణాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రానికి ఇంట్లోనే ఒక బ్రెడ్డు చేయడం, అంతే. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనబడితే చాలు, జావా నేర్పుతామని కాగితం అంటించే రోజులవి. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెడుతుంటే ఆవిడ మాత్రం పసుపు, కారం, వడియాలు, ఏదీ అంగట్లో కొననని పంతం పట్టి కూర్చుంది.

కిందటి నెల ఆవిడ మిరపకాయలు దంచితే భవనమంతా తుమ్మింది. ఘాటు పంజాగుట్ట చౌరస్తాదాకా పోయిందనీ, ట్రాఫిక్ పోలీసు ఈల ఊదబోయి తుమ్మితే బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు రాజనర్సయ్య కళ్ళు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"సారూ, నా ఇంట్ల ఇంకొక్క ప్రయోగం చేసిన్రంటే ఖాళీ చేయాలె!"

ఉంచేదీ పంపేదీ ఈ ఆదివారం సాయంత్రం వచ్చి తేల్చేస్తానని కూడా అన్నాడు. అరుణాదేవి భర్త చలపతిరావు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన వాటా అది. కూతురు మంజూష కంప్యూటర్ క్లాసు పక్క సందులోనే. ఆయన ఆఫీసుకు ఒక్క బస్సు చాలు. అందుకే ఆయన పొద్దుటి కాఫీ పక్కన పెట్టి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఆయనొచ్చే రోజునే బ్రెడ్డేంటే? ప్రయోగాలొద్దన్నాడుగా!"

"బ్రెడ్డు ప్రయోగం కాదండీ, ఫలహారం. నా చేతి ముక్క నోట్లో పడ్డాక ఆయన నోట ఖాళీ అనే మాటొస్తుందా?"

ఆవిడ పెద్ద తపేలాలో మైదా, ఈస్టు కలిపి పిసికి, తడిగుడ్డ కప్పింది. "ఇది రెట్టింపవ్వాలి. కాస్త కనిపెట్టుకునుండండి" అని, వెన్న కోసం పంజాగుట్ట వెళ్ళింది.

చలపతిరావు కుర్చీ వేసుకుని కనిపెట్టాడు. పిండి కదల్లేదు. పాలకు తోడేస్తేనే పెరుగవుతుంది కదా, దీనికి తోడెయ్యడం మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. ఫ్రిజ్జులోంచి పులిసిన ఇడ్లీపిండి రెండు గరిటెలు వేసి కలిపి, తపేలాను మే నెల ఎండలో బాల్కనీలో పెట్టి, ఇల్లు నిలబెట్టినవాడిలా స్నానానికి వెళ్ళాడు.

క్లాసు నుంచి వచ్చిన మంజూష పిండిని చూసి జాలిపడింది. మిగిలిన ఈస్టంతా గోరువెచ్చని పంచదార నీళ్ళలో కరిగించి పోసి, జారుగా ఉందని డబ్బాలోని మైదా మొత్తం కుమ్మరించి, డాబా మీదికి పోయింది. ఆ తరవాత రాజనర్సయ్య భార్య వజ్రమ్మ కరివేపాకు అడగడానికి వచ్చింది. ఇంట్లో ఎవరూ కనబడలేదు గానీ పిండి కనబడింది.

"అయ్యో, గింత పిండికి తోడెయ్యకపోతిరి!" అనుకుని, కిందికెళ్ళి చెంబుడు పుల్లమజ్జిగ తెచ్చి పోసింది.

ఎవరి పుణ్యం వాళ్ళు గుట్టుగా దాచుకున్నారు.

అరుణాదేవి వెన్నతో తిరిగొచ్చేసరికి తపేలా మీద గుడ్డ గొడుగులా లేచి ఉంది. హడలిపోయి పిండి మీద పళ్ళెం బోర్లించి, దానిపైన రుబ్బురోలు పొత్రం పెట్టింది. పొత్రం కూడా ఏనుగు మీద మావటివాడిలా ఊగుతూ పైకి లేచింది. పిండి తపేలా దిగింది, బాల్కనీ దాటింది, హాల్లో సోఫాను గోడకు నెట్టి గుమ్మం దాకా వచ్చింది. స్నానం ముగించిన చలపతిరావు, డాబా దిగొచ్చిన మంజూష, అరుణాదేవి, ముగ్గురూ నోళ్ళు తెరిచి దాని వెనక నడిచారు.

సాయంత్రందాకా ఆగలేని రాజనర్సయ్య అదే సమయానికి మెట్లెక్కుతున్నాడు. పిండి మెట్లు దిగుతోంది. మధ్యమెట్టు దగ్గర ఇద్దరూ ఎదురుపడి ఆగారు. రాజనర్సయ్య చెప్పులు విడిచి, ఒక మెట్టు కిందికి దిగి దానికి దారిచ్చాడు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ మెట్లను అడగవచ్చు.

"గిదేంది సారూ? ప్రాణమున్నదా దీనికి?" అన్నాడు గుసగుసగా.

"నేను కొంచెం ఇడ్లీపిండి..." అన్నాడు చలపతిరావు.

"నేను మిగిలిన ఈస్టు..." అంది మంజూష.

కింద గుమ్మంలోంచి వజ్రమ్మ గొంతు వినబడింది. "జరంత మజ్జిగ నేను సుత పోసిన."

రాజనర్సయ్య భార్యకేసి చూశాడు. ఖాళీ మాట పక్కన పెట్టి, పిండిని ఎత్తడానికి తానూ ఒక చెయ్యి వేశాడు.

పక్క సందు బేకరీవాడు దయతలచి భట్టీ ఇచ్చాడు. పరుపంత రొట్టె బయటికొచ్చేసరికి, హాస్టల్ కుర్రాళ్ళు జావా మరిచి సందు నిండా నిలబడ్డారు. రాజనర్సయ్య ఒక ముక్క తిని, కళ్ళు మూసుకుని, ఇంకో ముక్క తిన్నాడు.

"ఎన్నేండ్లన్న ఉండున్రి సారూ. కానీ గా మిగిలిన పచ్చిపిండి ముద్ద జర మాకు సుత ఇయ్యున్రి, తోడుకు."

అరుణాదేవి కొబ్బరికాయంత ముద్ద తీసిచ్చింది. దానికి ఏమి కలపాలో ఆయన అడగలేదు. అడగకుండానే వాళ్ళింట్లో అందరూ తలా ఒకటి కలిపారు.

మరుసటి ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. చలపతిరావు తీసి చూస్తే, చంకలో దిండుతో, మోచేతులదాకా పిండితో రాజనర్సయ్య నిలబడి ఉన్నాడు. వెనక వజ్రమ్మ, ఆమె చేతిలో చెంబు.

"సారూ, ఇంట్ల జాగ లేదు. గా పిండి మా మంచం మీద పండుకున్నది. ఇయ్యాల ఒక్క రోజు జర మీ తాన ఉంటం."

చలపతిరావు కళ్ళజోడు సర్దుకుని, గుమ్మానికి చేరగిలబడ్డాడు.

"దానికేమండీ, ఉండండి. కానీ ముందే చెబుతున్నాను, మా ఇంట్లో ప్రయోగాలు చేస్తే ఖాళీ చేయాల్సి ఉంటుంది."