మూడో అంతస్తులో విదేశం

ఆ ఉదయం కోసం లెక్కల టీచరు వేసిన ప్రణాళికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి ఇంటికి తాళం, ఏడుంపావుకి కారు, ఎనిమిదింటికి విమానాశ్రయం, పన్నెండింటికి విమానం, రాత్రికల్లా కొత్త దేశం. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. మూడేళ్ళు తిప్పలు పడి, భాషా పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కి, ఇద్దరికీ వలస వీసా సంపాదించాడు. అందులో ఒకే ఒక్క మెలిక ఉంది. ఆ రోజునుంచి లెక్కేస్తే ఇరవై ఒక్క రోజుల్లోగా ఆ దేశంలో కాలు పెట్టాలి. పెట్టకపోతే మూడేళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

వీడ్కోలు మాత్రం కాస్త మోతాదు మించింది. అపార్టుమెంటు మొత్తం మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే మెకానిక్ ఊరుకున్నాడా? "ఇక ఈ ముసలి లిఫ్టుతో మీ పాట్లు మీరు పడండి!" అని ఉపన్యాసం ఇచ్చాడు. ఫ్రిజ్ ఒకరికి, సోఫా ఒకరికి, మంచం ఒకరికి పంచిపెట్టాడు. అంతకు ముందురోజే లిఫ్టుల కంపెనీ యజమాని దగ్గరికి వెళ్ళి, పన్నెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటలన్నీ ఆయన మొహం మీదే అనేసి వచ్చాడు. ఎదురు ఫ్లాటులోని రిటైర్డ్ పోస్టుమాస్టరు రెండో తాళంచెవి తీసుకుని, "కుండీలకి నీళ్ళు నేను పోస్తాలే అబ్బాయ్, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అన్నాడు. సాయం కావాలన్నవాళ్ళకీ, వద్దన్నవాళ్ళకీ సమానంగా చేసిపెట్టే మనిషి ఆయన.

తీరా విమానాశ్రయంలో మూడు గంటలు జనంతో తోసుకుంటూ నిలబడ్డాక, కౌంటరులోని అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మహమ్మారి ముదురుతోందని ఆ దేశం ఆ తెల్లవారుజామునే సరిహద్దులు మూసేసిందట.

"మాకు వీసా ఉందమ్మా!" అన్నాడు మెకానిక్.

"వీసా ఉందండీ. దేశమే మూసేశారు."

ఇద్దరూ తిరుగు కారెక్కారు. సగం దారిలో మెకానిక్, "ఏ మొహం పెట్టుకుని వెళ్తామే? పొద్దున ఇచ్చిన ఫ్రిజ్ సాయంత్రం వెనక్కి అడగాలా?" అన్నాడు.

లెక్కల టీచరు అప్పటికే లెక్క వేసేసింది. "నాలుగు రోజుల్లో తెరుస్తారండీ. అప్పటిదాకా వెళ్ళినట్టే ఉందాం. మన విమానాన్నే ఆఖరిదిగా రానిచ్చారని, దిగిపోయామని చెబుదాం. అక్కడ దిగినవాళ్ళని ఎలాగూ పద్నాలుగు రోజులు హోటల్ గదిలో పెట్టి తలుపేస్తారు. చూపించాల్సిందల్లా గోడా, కర్టెనూ. అవి మన ఇంట్లో లేవూ?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వీళ్ళు వినలేదు. అపార్టుమెంటంతా భోంచేసి కునుకు తీస్తున్న వేళ, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక మెట్లెక్కి, సొంత ఇంట్లోకి దొంగల్లా దూరారు.

పోస్టుమాస్టరు మర్నాడు పదింటికల్లా వీడియో కాల్ చేశాడు. ఆ దేశానికి ఐదు గంటల తేడా కాబట్టి అక్కడప్పుడు తెల్లవారుజాము. మెకానిక్ కర్టెన్లు మూసి, జుట్టు చెరిపేసుకుని, ఆవలిస్తూ తెర మీదికి వచ్చాడు.

"గది అచ్చం మన ఇళ్ళలాగే ఉందే!" అన్నాడు పోస్టుమాస్టరు.

"సున్నం ఎక్కడైనా సున్నమే కదా బాబాయిగారూ."

సరిగ్గా అప్పుడే కింద వీధిలోంచి ఒక గొంతు ఖంగుమంది. "టమాటాలోయ్! తాజా టమాటాలు!"

పోస్టుమాస్టరు కళ్ళు పెద్దవయ్యాయి. "అదేమిట్రా, అక్కడ కూడా మనవాడేనా?"

"మనవాళ్ళు లేని దేశం ఎక్కడుంది బాబాయిగారూ!" అన్నాడు మెకానిక్, చెమట తుడుచుకుంటూ. పోస్టుమాస్టరు గర్వంతో పొంగిపోయి, ఆ సంగతి నాలుగు అంతస్తులకూ చెప్పి వచ్చాడు.

మూడోరోజు కుండీలకు నీళ్ళు పోయడానికి ఆయన తాళం తీసుకుని వస్తే, భార్యాభర్తలు బాత్రూములో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆయన మొక్కలతో, "మీవాడు పెద్దవాడైపోయాడర్రా" అని చెప్పడం విని మెకానిక్ తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. ఇలాంటి మనిషినా మోసం చేస్తున్నానని సిగ్గేసింది. అయినా తలుపు తీయడానికి ధైర్యం చాలలేదు.

అవతల ఆ దేశం పూటకో రూలు పెడుతోంది. మొదట ఎవర్నీ రానివ్వమంది. నాలుగోరోజుకి డాక్టర్లూ నర్సులూ అయితే సరేనంది.

"లిఫ్టు లేకపోతే డాక్టరు పదో అంతస్తుకి ఎగిరి వెళ్తాడటా?" అని మెకానిక్ ఫోన్ మీద విరుచుకుపడ్డాడు.

"మెల్లగా అరవండి. మనం ఇక్కడ లేం" అంది భార్య. పైకి అలా అందేగాని, రోజుకొకటి చొప్పున గడువు కరిగిపోతుంటే ఆవిడకు అన్నం సహించడం లేదు.

ఐదోరోజు పోస్టుమాస్టరు శుభవార్తతో తెర మీదికి వచ్చాడు. "మీ ఫ్లాటు ఎలాగూ ఖాళీయే కదా! క్వారంటైన్ కేంద్రం పెట్టుకోమని ఆరోగ్యశాఖకి రాసిచ్చేశాను. రేపు పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ చూడ్డానికి వస్తోంది. నీకు ఎంత పేరొస్తుందో తెలుసా!"

ఇల్లు ఖాళీగా లేదని చెప్పలేడు, ఇవ్వనని అంటే మనిషే కాడు. "చాలా సంతోషం బాబాయిగారూ" అన్నాడు మెకానిక్, కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడుతూ.

మర్నాడు పదింటికి ఇద్దరూ సూట్‌కేసులతో వెనక మెట్ల వైపు బయల్దేరుతుండగా ఫోను మోగింది. "అబ్బాయ్! నేనూ ఇన్‌స్పెక్టరమ్మా లిఫ్టులో ఇరుక్కుపోయాం రా. రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది. వాచ్‌మన్ కనపడ్డం లేదు. ఏం చెయ్యమంటావ్?"

ఫోనులో లిఫ్టు గంట మోగుతోంది. తలుపు అవతల కూడా మోగుతోంది.

"అక్కడ కూడా గంట మోగుతోందేమిట్రా?" అన్నాడు పోస్టుమాస్టరు ఆయాసపడుతూ. అంతలో అవతల ఆడగొంతు, "గాలి లేదండీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది. పోస్టుమాస్టరు గొంతు సన్నబడింది. "నాకూ ఊపిరాడ్డం లేదు అబ్బాయ్. మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు."

మెకానిక్ భార్య వైపు చూశాడు.

"చూస్తారేమిటి?" అందావిడ. "పరువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. బాబాయిగారిని ఎక్కణ్ణుంచి తెస్తాం? వెళ్ళండి!" అని తనే వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

మెకానిక్ సూట్‌కేసు నేలమీద బోర్లించి, కొత్త దేశం కోసం ఇస్త్రీ చేయించిన చొక్కాల మధ్యనుంచి పనిముట్లు లాక్కుని పైకి పరుగెత్తాడు. మేడ మీది మెషిన్ రూములో కరెంటు ఆపి, బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పి లిఫ్టును మూడో అంతస్తుకు తెచ్చాడు. తర్వాత మెట్లు దూకుతూ దిగి తలుపు తెరిచాడు.

చెమటలు కారుతూ బయటికి వచ్చిన పోస్టుమాస్టరు అతన్ని చూసి కొయ్యబారిపోయాడు. "అబ్బాయ్! ఇంత తొందరగా ఎలా వచ్చేశావురా?"

"ఎక్కడినుంచి వచ్చాడు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటూ.

"విదేశం నుంచమ్మా! నిన్న కూడా అక్కడ క్వారంటైన్ గదిలో ఉన్నాడు. నా కళ్ళతో చూశాను!"

"అంటే పారిపోయి వచ్చాడన్నమాట!"

ఇక దాచి లాభం లేదు. మెకానిక్ చేతులు జోడించి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేశాడు. టీచరు ముద్ర పడని పాస్‌పోర్టులు తెచ్చి చూపించింది. ఇన్‌స్పెక్టరమ్మ వాటిని తిప్పి చూసి, "విమానాశ్రయంలో జనం మధ్య ఎంతసేపున్నారు?" అని అడిగింది.

"మూడు గంటలండీ."

"చాలు. ఇద్దరికీ పద్నాలుగు రోజులు. ఈ ఫ్లాటు చూడ్డానికే వచ్చాను, వచ్చిన పని అయిపోయింది" అని తలుపుకు నోటీసు అంటించి, మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

పోస్టుమాస్టరు మాత్రం కదల్లేదు. "అన్నీ సరే" అన్నాడు చిన్నబోయిన మొహంతో. "టమాటాలవాడు కూడా అబద్ధమేనా?"

ఆయన వారం రోజులు మాట్లాడలేదు. అయినా పూటపూటా క్యారియరు తెచ్చి గుమ్మం ముందు పెట్టి, ఒకసారి దగ్గి వెళ్ళేవాడు. ఎనిమిదోరోజు మెకానిక్ తలుపు వెనకనుంచి, "క్షమించండి బాబాయిగారూ, సిగ్గుతో చేశాను" అన్నాడు. "సిగ్గున్నవాడివి కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పవేం?" అన్నాడు పోస్టుమాస్టరు. దాంతో మబ్బు విడిపోయింది.

క్వారంటైన్‌లో పన్నెండోరోజు పొద్దున ఆ దేశం మళ్ళీ రూలు మార్చింది. ఆసుపత్రుల్లో యంత్రాలూ లిఫ్టులూ నడిపించేవాళ్ళు కావాలట. కాకపోతే, ప్రభుత్వ పర్యవేక్షణలో పద్నాలుగు రోజులు ఏకాంతంగా ఉన్నట్టు ముద్ర వేసిన ధ్రువపత్రం తేవాలట. టీచరు దాన్ని మూడుసార్లు చదివి, నోటీసు అంటించిన తలుపును కావలించుకుని ఏడుస్తూ నవ్వింది. వీసాలున్నవాళ్ళంతా ఆ కాగితం ఎవరిస్తారో, ఎలా ఇస్తారో తెలియక తలలు పట్టుకున్న రోజున, వీళ్ళకు మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది.

ఇన్‌స్పెక్టరమ్మ వీసా గడువులో ఇరవయ్యో రోజు పొద్దున్నే ధ్రువపత్రం తెచ్చి ఇచ్చింది. "మీరు లిఫ్టు చక్రం తిప్పిన సంగతి కూడా రాశాను. పనికొస్తుందేమో" అంది. ఆ రోజు కూడా ఆవిడ మెట్లెక్కే వచ్చింది.

గడువుకు ఒక్కరోజు ముందు, ఆ మధ్యాహ్నమే విమానం. ఈసారి ఎవరూ ఏడవలేదు, మెకానిక్ ఉపన్యాసమూ ఇవ్వలేదు. పోస్టుమాస్టరు మాత్రం విమానాశ్రయం దాకా వచ్చి, ఎండలో కంచె పట్టుకుని నిలబడి, విమానం గాల్లోకి లేచి చుక్కంత అయ్యేదాకా చూసి మరీ ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పదింటికి కాల్ వచ్చింది. వెనకాల తెల్లగోడ, మూసిన కర్టెను. జుట్టు చెరిగిన మెకానిక్ ఆవలిస్తూ, "దిగిపోయాం బాబాయిగారూ! పద్నాలుగు రోజులు ఈ గదిలోనే!" అన్నాడు. టీచరు పక్కనుంచి చెయ్యి ఊపింది.

"చాలా సంతోషం రా. ఒళ్ళు జాగ్రత్త" అని కళ్ళొత్తుకుని పోస్టుమాస్టరు ఫోను పెట్టేశాడు. తర్వాత, ఎందుకైనా మంచిదని, చెప్పులేసుకుని వెళ్ళి, ఎదురు ఫ్లాటు తలుపు రెండుసార్లు కొట్టి వచ్చాడు.