సీలు పడిన సముద్రం

ఆ ఉదయం బొహ్దానా వేసుకున్న పథకం చాలా చిన్నది: ప్రయోగశాలలో తన గాజు సీసా పక్కన కుర్చీ వేసుకోవాలి, ఎవరొచ్చినా లేవకూడదు. సీసాలో నీళ్లు మరుగుతున్నాయి. పై బుడ్డిలో అమ్మోనియా, మీథేన్, హైడ్రోజన్ నిండి, వాటిలో కరెంటు మెరుపులు కొడుతున్నాయి. ప్రాణి అన్నది పుట్టకముందు భూమ్మీద సముద్రం, గాలి ఇలాగే ఉండేవని ఆమె నమ్మకం. ఆగకుండా నలభై రోజులు నడిస్తేనే ప్రయోగం. ఇరవై ఎనిమిది గడిచాయి. మధ్యాహ్నంలోగా గది ఖాళీ చేయించాలని డైరెక్టర్ హైనెక్ పంతం.

"ఆ గోధుమరంగు కషాయం పారబోసెయ్యమ్మా. అక్కడ జిరాక్సు మిషను పెట్టాలి," అన్నాడాయన.

"ముందు నన్ను పారబొయ్యండి సార్," అంది బొహ్దానా.

కాఫీ తెచ్చిన కాపలాదారు ఆల్బీన్ ఆ సరంజామాను మొదటిసారి చూశాడు. మరిగే పాత్ర, చల్లటి గొట్టం, బొట్టుబొట్టుగా కారే ద్రవం చూస్తే ప్లమ్ పండ్లతో ఇంటింటా సారా కాచే మొరావియా పల్లెల్లో పుట్టినవాడికి తోచేది ఒక్కటే.

"ప్లమ్ పండ్లు ఎప్పుడేశారమ్మా?"

"పండ్లు లేవు. నీళ్లు, గాలి, మెరుపు. అంతే."

ఆల్బీన్‌కు జాలేసింది. ఎవరైనా నాలుగు పండ్లు ఇస్తారేమోనని కిందికెళ్లి వంటావిడతో అన్నాడు. పైన సారా కాస్తున్నారని ఆవిడ గ్రంథాలయంలో చెప్పింది. అరగంటలో గది ముందు ఏడుగురు చిట్టి గ్లాసులతో వరస కట్టారు. ఆ వరస చూసి హైనెక్ మొహం వెలిగిపోయింది. ఎక్సైజు వాళ్లకు తనే ఫోన్ చేశాడు.

అధికారి వచ్చి సీసాలోకి తొంగిచూశాడు. "రంగు కాస్త ముదిరిందే."

"అది సారా కాదండీ. తాగితే పోతారు."

"అందరూ ముందు అలాగే అంటారు."

"ఆపేసి పట్టుకెళ్లండి," అంటూ హైనెక్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

బొహ్దానాకు ఒళ్లు మండింది. లేవకూడదనుకున్న మనిషి లేచి అడ్డంగా నిలబడింది. "ఆపితే సాక్ష్యం చెరిపినట్టే. నడుస్తుండగా పట్టుకున్నారు, నడుస్తున్నట్టే సీలు వెయ్యండి. సంతకం పెడతాను."

సారా కాచినట్టు ఒప్పుకుంటే ఉద్యోగం పోవచ్చని ఆమెకు తెలుసు. అయినా అధికారి రాసిన పంచనామా మీద సంతకం పెట్టింది.

అధికారి ఆలోచించాడు. "చెయ్యి తియ్యండి డైరెక్టరు గారూ. విచారణ అయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

విచారణ రెండు నెలలకు వచ్చింది. అన్నాళ్లూ సీసా మెరుస్తూనే ఉంది, జిరాక్సు మిషను హైనెక్ గదిలోనే మోగింది. చివరికి నీళ్లు పరీక్షిస్తే ప్రాణికి కావలసిన పదార్థాలు తొమ్మిది దొరికాయి, సారా చుక్క కూడా దొరకలేదు. బొహ్దానా నిర్దోషి అయింది.

పంచనామా కాగితం మాత్రం ఆమె గోడకు తగిలించుకుంది: "సారా. ఇంకా తయారు కాలేదు."