శ్రీవాణి ఉండల డబ్బా

డోన్‌లో కిరాణా కొట్టు నడిపే రామకోటయ్యకు తీపి కనబడితే కాళ్లు ఆగవు, నడవమంటే మాత్రం కదలవు. "షుగరు గీత మీద ఉండాది, రోజూ నడువప్పా" అని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. ఈయన నడిచిందల్లా గల్లాపెట్టె నుంచి బెల్లం దిమ్మ దాకానే. అది చూసి భార్య శ్రీవాణి బెల్లాన్ని గదిలో పెట్టి తాళం వేసింది.

ఆ శ్రీవాణి నలభై ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టింది. కర్నూలులో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం! దూరం పరిగెత్తేటప్పుడు సత్తువ జారిపోకుండా మధ్యమధ్యలో బెల్లం ఉండలాంటి తీపి కాస్త తినాలని కోచ్ సుంకన్న చెప్పాడట. పరుగు లేని రోజున మాత్రం ఆ మహాతల్లి పాయసం వండి అందరికీ పెట్టి, తను మజ్జిగ తాగి లేస్తుంది. ఇది మనిషేనా అని రామకోటయ్య నోరు తెరిచేవాడు.

తెరిచిన నోటికి ఒక ఉపాయం కూడా తట్టింది.

"వాణీ, ఒంటరిగా పరిగెత్తుతాండావు. ఉండల డబ్బా పట్టుకొని స్కూటర్ మీద నీ ఎనకాలే వస్తా."

"పొద్దున అయిదింటికా? నువ్వా?"

"ఆ మాత్రం చేయకుంటే నేనేం మొగుణ్ణి?"

పక్కనే కూర్చున్న ఆయన తల్లి వెంకటలక్ష్మమ్మ, నడుముకు కట్టుకున్న వక్కాకు సంచిలోంచి వక్క తీసి నోట్లో వేసుకుంటూ కోడలి వైపు చూసింది.

"సరే బావా" అంది శ్రీవాణి. "బుడ్డల ఉండలు ఆరు పెడతా. భద్రం."

ఇక చూడండి ఆదివారాల వైభోగం. ముందు ఆమె పరుగు, వెనకాల ఈయన నమలడం. ఆమె డబ్బా తెరిచేసరికి ఆరు వేరుశనగ ఉండల్లో ఒకటే మిగిలేది. "గుంతలో ఎగిరి పడిపోయినాయి" అనేవాడు. "పోనీలే బావా" అని ఆ ఒక్కటీ ముట్టకుండా సాగిపోయేది. ఏం నిగ్రహం, ఏం నిగ్రహం అని మురిసిపోతూ దాన్నీ తినేవాడు. మొదటి వారం దాటాక ఉండల్లో తీపి తగ్గినట్టు అనిపించింది గానీ, దొంగతిండి తినేవాడు ఎవరితో చెప్పుకుంటాడు?

పందెం రోజు రానే వచ్చింది. "పద్నాలుగో కిలోమీటరు బోర్డు కాడ నిలబడు బావా. ఆడ ఉండ అందకపోతే నా ఆరు నెలల కష్టం గంగపాలే" అంది శ్రీవాణి.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగి అయిదు ఉండలు లాగించి బండి తీస్తే, రోడ్డుకు అడ్డంగా పోలీసు.

"బండ్లు ఈడికే అప్పా."

"బోర్డు యాడ?"

"ఇంకా మూడు కిలోమీటర్లు."

రామకోటయ్య బండి అక్కడే వదిలేశాడు. ఆమె ఓడిపోతే కారణం తన నోరే. చెప్పులు చేత్తో పట్టుకొని ఉరికాడు. సగం దూరంలో కళ్లు తిరిగి, చెయ్యి డబ్బా మూత మీదికి పోయింది. మూత తెరిచాడు, వాసన చూశాడు, "ఇది వాణిదిరా" అని తనను తానే తిట్టుకొని మూసేశాడు. పుట్టిన తర్వాత తీపిని కాదనడం అదే మొదలు.

బోర్డు దగ్గరికి చేరి ఆయన రొప్పుతుండగా శ్రీవాణి వచ్చింది. నడుముకు అత్తగారి వక్కాకు సంచి. అందులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"నాది నా కాడే ఉండాది! అది నువ్వే తిను బావా!"

తిన్నాడు. నిదానంగా నమిలితే తెలిసింది, బెల్లం తీపే లేదు.

శ్రీవాణి మిగిలిన ఏడు కిలోమీటర్లూ పరిగెత్తి ముగింపు గీత దాటి, మెడలో పతకంతో నవ్వుతూ ఆయన దగ్గరికి వచ్చింది. "దీంట్లో బెల్లం యాడే?" అన్నాడు దీనంగా.

"రెండో వారం నుంచే లేదు. కొర్రపిండి, బుడ్డలు, ఒక్క ఖర్జూరం. రోడ్డు మూస్తారనీ నాకు ముందే తెలుసు. నడవమంటే నడవనోడివి మూడు కిలోమీటర్లు ఉరికినావు కదా!"

సిగ్గుతో తల వంచుకున్నా, ఆ పతకాన్ని చూస్తే ఆయనకు కళ్లు చెమర్చాయి. ఇంత మనిషి తనకు దొరికిందే అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం స్కూటర్ తాళంచెవి కోసం ఇల్లంతా వెతికాడు. వక్కాకు సంచి మళ్లీ అమ్మ నడుముకు చేరింది. ఆమె కదిలినప్పుడల్లా అందులో ఏదో గలగలమంటోంది.

"ఏం చూస్తాండావురా? అదిగో, కోడలు సందు మలుపు తిరిగింది. ఉరుకు!"