అచ్చాయమ్మ గారి చక్రాల గది

పెద్దిరాజు ఆ తెల్లవారుజామున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కేలోగా ధవళేశ్వరం ఆనకట్ట దాటాలి. చీకటి పడేలోగా మారేడుమిల్లి అడవిలో ఏదో ఒక వాగు పక్కన ట్రాక్టరు ఆపాలి. అచ్చాయమ్మ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే చూడాలి.

ఆత్రేయపురం దగ్గర ఆయనకు కొంత వరి పొలం, ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే ఇనప ట్రక్కు ఉన్నాయి. భార్య అచ్చాయమ్మకు షుగరు ఉంది. గంటకోసారి ఒంటికి లేవాల్సి వస్తుంది. బస్సు ఆపమని డ్రైవరును బతిమాలడం కంటే ఇంట్లో కూర్చోవడమే మేలని ఆవిడ ఎప్పుడో నిర్ణయించుకుంది. మేనకోడలి పెళ్లికి కాకినాడ కూడా వెళ్లలేదు. అడిగిన వాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పింది. బంధువులు దానికి పొగరని పేరు పెట్టారు.

అసలు సంగతి పెద్దిరాజు ఒక్కడికే తెలుసు. క్షవరానికి వెళ్లినప్పుడు ఓ పాత వారపత్రికలో, విదేశాల వాళ్లు కారు వెనక చిన్న ఇల్లు తగిలించుకుని అడవులకు వెళ్తున్న బొమ్మ చూశాడు. ఆ ఇంట్లో మంచం, పొయ్యి, మరుగుదొడ్డి ఉన్నాయి. మంచం, పొయ్యి ఆయన కంటికి ఆనలేదు.

వెల్డింగు షాపు వీరాస్వామిని పిలిపించి ట్రక్కు మీద ఇనప పైపులు నిలబెట్టించాడు. చుట్టూ రేకులు కొట్టారు. లోపల మంచం, మూలన మరుగుదొడ్డి, దానికి నీళ్ల డ్రమ్ము, పూల కర్టెన్లు అమిరాయి. అంతా అయ్యాక కదిపి చూస్తే షెడ్డు దూలం కింద నుంచి బయటికి రాలేదు. టైర్లలో గాలి తీసి లాగారు. బయటికి వచ్చింది గానీ మళ్లీ గాలి కొట్టించేలోగా ఒక పక్కకు ఒరిగి, ఆ వాలు చివరిదాకా అలాగే ఉండిపోయింది.

మిగిలిన సమస్య ఒక్కటే. లోపలి నుంచి అచ్చాయమ్మ ఆపమంటే ట్రాక్టరు మీదున్న పెద్దిరాజుకు వినపడాలి. తాడుకు గంట కట్టారు. ఇంజను చప్పుడులో వినపడలేదు. చిన్న స్పీకరు పెట్టారు, అదీ వినపడలేదు. వీరాస్వామి పెళ్లిళ్లకు మైకు సెట్లు కూడా అద్దెకిస్తాడు.

"ఆయ్, గొట్టం మైకు పెట్టేద్దామండి. ఆవిడ గుసగుసలాడినా మీ చెవిలో పడుద్ది," అన్నాడు.

ట్రక్కు ముందు భాగాన గొట్టం మైకు, లోపల మంచం పక్కన నొక్కితేనే పలికేలా దాని స్విచ్చు బిగించారు. ఆవిడ మాట ఆయనకు చేరే ఏర్పాటు అయింది. ఆయన మాట ఆవిడకు చేరే ఏర్పాటు గురించి ఎవరికీ ఆలోచన రాలేదు.

బయల్దేరాక మొదటి గతుకులోనే మైకు స్విచ్చు లోపలికి దిగబడి ఇరుక్కుపోయింది. రేకుల మోతలో అచ్చాయమ్మకు తన గొంతు తనకే సరిగా వినపడడం లేదు. ఆవిడకు ఒంటరిగా ఉంటే పైకి మాట్లాడుకునే అలవాటు.

"ఈయనకి ఈ వయసులో అడవేంటో," అంది మైకు, కాలువ గట్టు పొడవునా. చేలల్లో ఊడుపు వాళ్లు నడుములు ఎత్తి చూశారు. పెద్దిరాజు ఆపుదామనుకున్నాడు గానీ రోడ్డు సన్నం, వెనక బస్సు హారను కొడుతోంది. వేగం పెంచాడు. గతుకులు పెరిగాయి. లోపలి మాటలూ పెరిగాయి.

అవి పంచాయతీ ఎన్నికల రోజులు. ముందున్న పెద్ద ఊళ్లో ఇప్పటి సర్పంచి అప్పాజీ మళ్లీ నిలబడ్డాడు. ఆయన మీద చిట్టియ్య పోటీ. ఇద్దరూ, వాళ్ల మనుషులూ బస్టాపు దగ్గర టీ తాగుతుండగా, ఒక పక్కకు ఒరిగిన రేకుల బండి మైకుతో సహా ఊళ్లోకి వచ్చింది.

"ఈ రోడ్డు వేయించిన మహానుభావుడెవరో గానీ, ఒక్కసారి ఈ మంచం మీద కూర్చుంటే తెలుస్తుంది," అంది మైకు.

చిట్టియ్య మనుషులు తమ నాయకుడు చెప్పకుండా ప్రచార రథం దింపాడనుకుని టపాకాయలు కాల్చారు. దండ పట్టుకుని ఎదురొచ్చారు. ట్రాక్టరు ఆగక తప్పలేదు. అప్పాజీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు.

"ఏంటండీ ఇది? చిట్టియ్య పంపాడా మిమ్మల్ని?"

"చిట్టియ్య ఎవరండీ?" అన్నాడు పెద్దిరాజు.

"నేనేనండి," అన్నాడు పక్కనున్న చిట్టియ్య, అంతే అయోమయంగా.

అప్పుడు మైకు మళ్లీ పలికింది. "ఆపారా, మంచి పని చేశారు. నాకు మళ్లీ వస్తోంది. ఈ తలుపు గడియ పడట్లేదు, ఇటు ఎవరినీ రానివ్వకండి. పాడు షుగరు. దీనివల్లే కదా పిల్ల పెళ్లి కూడా చూసుకోలేకపోయాను. అందరూ పొగరనుకుంటున్నారు, అనుకోనీండి."

టపాకాయలు ఆగిపోయాయి. అప్పాజీ తల దించుకున్నాడు. పెద్దిరాజు వెనక్కి పరిగెత్తి తలుపు ముందు అడ్డంగా నిలబడ్డాడు. కాసేపటికి అచ్చాయమ్మ తలుపు తీసింది. ఎదురుగా ఊరు ఊరంతా ఉంది.

"మైకు... ఆగలేదే," అన్నాడాయన. "అందరికీ వినపడింది."

ఆవిడ చప్పున వెనక్కి జరిగింది. తలుపు మూసుకుంది. "ఇంటికి పోదాం," అన్న మాట కూడా మైకులోనే వినపడింది. ఎవరికీ తెలియకూడదనే ఇంత చేసిన పెద్దిరాజు, ఆ రేకుకు నుదురు ఆనించి నిలబడిపోయాడు.

బస్టాపులో కూరగాయలు అమ్మే పాపాయమ్మ గంప దించి వచ్చింది. ఆయన్ని పక్కకు జరిపి తలుపు తట్టింది.

"అమ్మా, నీ పనైతే నేనోసారి వెళ్లొస్తాను. పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నా. మాకు మాత్రం ఎక్కడుంది చోటు?"

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. పాపాయమ్మ వెనక ఇద్దరు టీచరమ్మలు, వాళ్ల వెనక బస్సు దిగిన ఆడవాళ్లు నిలబడ్డారు. అచ్చాయమ్మ మైకు స్విచ్చుతో కుస్తీ పడుతుంటే పాపాయమ్మ ఆపింది.

"ఉండనీ అమ్మా. పనిలో పనిగా ఈ మగాళ్లని కూడా విననీ."

ఆ పూట మైకులో వాళ్లంతా మాట్లాడారు. నీళ్లు తాగకుండా బడికి వచ్చే సంగతి ఒక టీచరమ్మ చెప్పింది. చివర్లో ఒక గొంతు, "మా ఆయన పంచాయతీ ఆఫీసుకి రెండుసార్లు రంగులేయించాడు గానీ, బస్టాపులో ఇదొక్కటి కట్టించలేకపోయాడు," అంది. అది తన భార్య గొంతని పోల్చుకున్న అప్పాజీ గొట్టం కింద నుంచే, గెలిచినా ఓడినా కట్టిస్తానని అరిచి చెప్పాడు. చిట్టియ్య రెండు కట్టిస్తానన్నాడు. ఈలోగా డ్రమ్ములో నీళ్లు అయిపోతే ఇద్దరి మనుషులూ పోటీలు పడి కాలువ నుంచి బిందెలు మోశారు.

పొద్దు వాలాక జనం పలచబడ్డారు. చిట్టియ్య వాళ్లు తెచ్చిన దండ ఎవరు వేశారో గానీ అచ్చాయమ్మ మెడలో ఉంది.

"ఇంటికే కదా?" అన్నాడు పెద్దిరాజు, ఆవిడ వంక చూడలేక.

"ఇంటికెందుకండీ? మారేడుమిల్లి ఏమన్నా పారిపోయిందా?"

రాజమండ్రిలో ఆగి, మర్నాడు అడవికి చేరారు. రాళ్ల దారిలో రేకులు రెండు ఊడినా గది నిలబడింది. అచ్చాయమ్మ వాగులో కాళ్లు పెట్టుకుని, నీళ్లు చల్లగా ఉన్నాయని చెప్పి, అలాగే చాలాసేపు కూర్చుంది. అది చూసుకుంటూ పెద్దిరాజు తన అవసరం సంగతి మరిచాడు. గుర్తొచ్చి లేచేసరికి, విహారానికి వచ్చిన ఒక బస్సు అక్కడే ఆగింది. ఆడవాళ్లు దిగి నాలుగు దిక్కులా చూస్తున్నారు.

"రండమ్మా, మొహమాటపడకండి," అని అచ్చాయమ్మ వాగులోంచే పిలిచింది.

గది ముందు వరస చాలా పొడవుగా ఉంది. పెద్దిరాజు కాసేపు దాని చివర నిలబడి, తర్వాత టేకు చెట్ల చాటుకు నడిచాడు.